కరెంటుతో మట్టిని కడగవచ్చునా?

పొలములో వేసిన పెంట కుళ్లి ఎరువగును. చల్లిన పురుగు మందులలో పెక్కు ఎండకు, వానకు, మట్టిలోని సూక్ష్మజీవులకు లోబడి కొంత కాలమునకు విరిగిపోవును. కాని సీసము, కాడ్మియము, క్రోమియము వంటి బరువైన లోహములు కుళ్లవు, కాల్చినను నశింపవు. తాత నాడు మడిలో చేరిన సీసము మనుమని నాటికిని చాల వరకు ఆ మడిలోనే ఉండును. ఏటేటా మురికి నీరు పారుచున్నచో, పాత దానికి కొత్తది తోడై పెరుగుచుండును.

ఇట్టి మట్టిలోనికి కరెంటు పంపి లోహములను బయటకు లాగవచ్చునని మీలో కొందరు విని ఉందురు. ఆ మాట నిజమే. కొన్ని దేశములలో ఆ పని చేసి చూపిరి. అయితే అది ఎట్టి నేలకు పనికివచ్చును, దానికి ఎంత ఖర్చగును, ఫ్యాక్టరీ కాలువ క్రింద పొలమున్న రైతు దాని కొరకు కనిపెట్టుకొని కూర్చుండవలెనా అను సంగతులు తెలిసికొనుట అవసరము.

లోహములు పొలములోనికి వచ్చు దారులు

శుద్ధి చేయక వదలిన ఫ్యాక్టరీ నీరు మొదటి దారి. తోళ్లు ఊనుటకు క్రోమియము లవణములు వాడుదురు. లోహపు పూతలు వేయు కార్ఖానాల నుండి క్రోమియము, నికెలు, కాడ్మియము వచ్చును. పాత బ్యాటరీలను కరిగించు చోట్ల నుండి సీసము గాలిలోను, నీటిలోను కలియును. గనుల నుండి, గనుల మట్టి కుప్పల నుండి పారు వాన నీరు మరియొక దారి. నగరముల మురుగు నీరు ఇంకొక దారి. హైదరాబాదు దిగువన మూసీ నీటితో గడ్డి, ఆకుకూరలు, వరి పండించుట మీకు తెలిసినదే. హైదరాబాదు సమీపములోని కాటేదాన్, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతముల మట్టిని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు పరీక్షించి, అందులో కొన్ని బరువు లోహములు మామూలును మించి ఉన్నవని ప్రకటించిరి.

లోహములన్నియు చెడ్డవి కావు. వరిలో జింకు లోపించి ఆకులపై తుప్పు రంగు మచ్చలు వచ్చినపుడు ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు మీరే వేయుచున్నారు. రాగియు పైరుకు కొద్దిగా కావలెను. ఇవి మితిమీరినపుడే విషమగును. సీసము, కాడ్మియములతో మాత్రము పైరుకు గాని, పశువుకు గాని, మనిషికి గాని ఏ అవసరమును లేదు.

కాడ్మియముతో వచ్చు చిక్కు మరియొకటి ఉన్నది. పైరు పచ్చగా, గింజ నిండుగా ఉండియు గింజలో కాడ్మియము చేరి ఉండవచ్చును. జపాను దేశపు తొయామా ప్రాంతములో జింజూ నది నీరు పారిన వరి పొలములలో ఇట్లే జరిగినది. పైనున్న గని నుండి వచ్చిన కాడ్మియము మడులలో చేరి, ఆ బియ్యము తిని, ఆ నీరు త్రాగిన వారికి మూత్రపిండములు చెడి, ఎముకలు పెళుసై విరిగిపోయెను. నొప్పికి తాళలేక వారు పెట్టిన మూలుగును బట్టి జనులు ఆ జబ్బునకు 'ఇతాయి ఇతాయి' అని పేరు పెట్టిరి. కాలుష్యము వలన వచ్చిన జబ్బుగా దానిని 1968లో జపాను ప్రభుత్వము అంగీకరించినది. ఆ మడులను బాగుచేయు పని 1979లో మొదలై 2012లో గాని ముగియలేదు. 860 హెక్టారులకు పైగా భూమిలో చెడిన మట్టిని తీసివేసియో, లోపల పూడ్చియో, పైన మంచి మట్టి పరచవలసి వచ్చినది.

ఇంత మట్టిని త్రవ్వి మోయనక్కర లేకుండ, ఉన్న చోటనే లోహమును మాత్రము తీసివేయు ఉపాయము కొరకు శాస్త్రజ్ఞులు వెదకుట ఇందువలననే.

మట్టిలో కరెంటు చేయు పని

గిల్టు నగలు చేయు వారి పని మీరు చూచి ఉందురు. లోహపు లవణము కలిపిన నీటిలో నగను వ్రేలాడదీసి, దానిని బ్యాటరీ ఋణధ్రువమునకు తగిలింతురు. నీటిలో కరిగి ఉన్న లోహపు కణములు ధన విద్యుదావేశము కలవి. కాబట్టి అవి ఋణధ్రువము వైపు నడచి నగపై పూతగా పట్టును. మట్టిని శుద్ధి చేయుటలోను ఇదే సూత్రము.

చెడిన నేలలో ఒకటి రెండు మీటర్ల ఎడముతో కడ్డీలను వరుసలుగా దించుదురు. ఒక వరుస ధనధ్రువము, ఎదుటి వరుస ఋణధ్రువము. వీటి మధ్య ఒకే దిశలో పారు కరెంటును, అనగా డి.సి. కరెంటును పంపుదురు. ఎడములో మీటరుకు సుమారు 100 వోల్టులు ఉండునట్లు చూచుట వాడుక. మట్టిలో తేమ తప్పక ఉండవలెను. ఆ తేమలో కరిగిన సీసము, కాడ్మియము, రాగి, జింకు కణములు ఋణధ్రువము వైపు సాగును. ఆర్సెనిక్కు, క్రోమేటు రూపములోని క్రోమియము ఋణ విద్యుదావేశము కలవి గనుక ధనధ్రువము వైపు పోవును. వేగము రోజుకు కొద్ది సెంటీమీటర్లు మాత్రమే.

కడ్డీల చుట్టు చిల్లులు గల గొట్టములు దించి, అందులో చేరిన లోహపు నీటిని పంపుతో పైకి తోడి, వేరుగా శుద్ధి చేయుదురు. అందు మిగిలిన మడ్డిని ప్రమాదకర వ్యర్థముల కొరకు ఏర్పరచిన స్థలమునకే పంపవలెను. దానిని చెరువు గట్టున పారవేసినచో ఒక పొలము విషమును మరియొక పొలమునకు పంచినట్లగును.

ఈ పద్ధతికి గల గొప్ప సుగుణము బంకమట్టిలో కనబడును. ఇసుక నేలను నీటితో కడుగవచ్చును. రేగడి వంటి బంకనేలలో పైన ఎంత నీరు పోసినను లోపలికి త్వరగా దిగదు. నీరు దిగని సన్నని సందులలో కూడ కరెంటు నడచును. పైగా బంకమట్టిలోని నీటిని కూడ సాధారణముగా ధనధ్రువము నుండి ఋణధ్రువము వైపు నెమ్మదిగా లాగుకొని పోవును.

లాహోరు నుండి హాలెండు వరకు

తడి మట్టిలో కరెంటు పారినపుడు నీరు కదలునని రాయిస్ అను శాస్త్రజ్ఞుడు మాస్కోలో ప్రయోగములు చేసి 1809లో ప్రకటించెను. వ్యవసాయ భూమిని బాగుచేయుటకు ఈ సూత్రమును వాడి చూచిన తొలి వారిలో మన ఉపఖండపు వారు ఉండుట గమనింపదగినది. అవిభక్త పంజాబులోని లాహోరు నీటిపారుదల పరిశోధనా సంస్థకు చెందిన పూరీ, ఆనంద్ అను వారు క్షార భూములలోనికి కరెంటు పంపి, సోడియము ఋణధ్రువము వైపు వెడలి వచ్చుటను 1936లో ప్రకటించిరి. ప్రయోగము ఫలించినది. కాని క్షార భూములకు జిప్సము వేసి, మంచి నీరు కట్టి, మురుగు కాలువ తీయుట చౌకయు, సులభము గనుక రైతుల వాడుకలో ఆ పద్ధతియే నిలిచినది. ఒక పని సాధ్యమగుట వేరు, పొలములో గిట్టుబాటగుట వేరు అనుటకు ఇది మంచి దృష్టాంతము.

బరువు లోహములను తీయుటకు దీనిని 1980 దశకము చివర హాలెండు దేశమున పనిలో పెట్టిరి. అచ్చట ఒక పాత రంగుల ఫ్యాక్టరీ స్థలములో సుమారు 230 ఘన మీటర్ల మట్టిలో రాగి, సీసము పేరుకొని ఉండెను. కరెంటు పంపిన పిదప రాగి కిలో మట్టికి 1,220 మిల్లీగ్రాముల నుండి 200కు లోపుగను, సీసము 3,780కి పైనుండి 280కి లోపుగను తగ్గినవి. లోపర్సుమ్ అను చోట కలపకు చెద పట్టకుండ మందు పట్టించు స్థలములోని బరువైన బంకమట్టిలో ఆర్సెనిక్కు 250కి పైగా ఉండి 30కి లోపునకు దిగినది. తరువాత అమెరికాలోను విశ్వవిద్యాలయములు, ప్రభుత్వ శాఖలు పెక్కు పరీక్షలు చేసినవి.

పై రెండు చోట్లను జ్ఞాపకముంచుకొనుడు. ఒకటి ఫ్యాక్టరీ స్థలము, రెండవది కలప మందు స్థలము. రెండును చిన్న జాగాలు, విషము మాత్రము ఎక్కువ. వందల ఎకరాల మాగాణి కాదు.

కరెంటు తడబడు చోట్లు

కడ్డీల వద్ద నీరు విడిపోవును. ధనధ్రువము వద్ద ఆమ్లము, ఋణధ్రువము వద్ద క్షారము పుట్టును. ఆమ్లము మట్టిలోనికి సాగుచు, మట్టిని అంటియున్న లోహములను వదలించును. ఇది మేలే. కాని ఎదురుగా వచ్చు క్షారమును తాకిన చోట లోహము మరల గట్టిపడి మట్టిలోనే ఆగిపోవును. అందుచేత ఋణధ్రువము వద్ద గొట్టములో పులుపు ద్రావకము పోయుచు క్షారమును విరుచుచుండవలెను. పనివారు రాత్రింబగళ్లు కనిపెట్టి ఉండవలసిన పని ఇది.

సున్నపు గరుసు గల నల్లరేగడిలో ఈ చిక్కు మరింత ఎక్కువ. ఆ సున్నము ఆమ్లమును ఎప్పటికప్పుడు మ్రింగివేయుచుండును. దాని పని తీరిన తరువాత గాని లోహము కదలదు. సున్నము తక్కువగా ఉన్న ఎర్రనేలలలో ఆమ్లము కొంత సులభముగా సాగును.

ఉప్పు నేలలలో కరెంటు చాల భాగము ఉప్పును మోయుటకే వ్యయమగును. అమెరికాలో కాలిఫోర్నియా సముద్రతీరమున పాయింట్ మ్యూగూ నౌకాదళ స్థావరములో, లోహపు పూతల మురుగు నిలువచేసిన గుంటల వద్ద 1998లో ఈ పద్ధతిని పరీక్షించిరి. అచ్చటి మట్టిలో ఉప్పు హెచ్చుగా ఉండుటచే పని అనుకొన్న దానికంటె చాల నెమ్మదించినది. పైగా ఉప్పు నేలలో ధనధ్రువము వద్ద క్లోరిను అను విషవాయువు పుట్టును. కోస్తాలోని ఉప్పు నేలల విషయములో ఇది గుర్తుంచుకొనవలసిన సంగతి.

కరెంటుకు మంచి చెడుల భేదము తెలియదు. సీసముతో పాటు కాల్షియము, మెగ్నీషియము, పొటాష్ కూడ వెడలిపోవును. ధనధ్రువము ప్రక్క మట్టి మిక్కిలి పుల్లబడి, వానపాములు, మేలుచేయు సూక్ష్మజీవులు దెబ్బతినును. అట్టి మట్టికి సున్నము, పశువుల ఎరువు వేసి మరల ప్రాణము పోయవలెను.

ఎకరమునకు ఎన్ని యూనిట్లు?

ఖర్చు సంగతి మీరే లెక్క వేసి చూడవచ్చును. లోహములను లాగుటకు ఒక ఘన మీటరు మట్టికి 500 యూనిట్ల విద్యుత్తు, ఒక్కొక్కచో అంతకు మించియు పట్టునని పరిశోధకుల అంచనా. నేలను బట్టి, కడ్డీల ఎడమును బట్టి ఇది మారును. ఒక ఎకరములో అడుగు లోతు మట్టి సుమారు 1,230 ఘన మీటర్లు. దానికి 500 యూనిట్ల చొప్పున ఆరు లక్షల యూనిట్లు దాటును.

మీ 5 అశ్వశక్తుల మోటారు గంటకు సుమారు 4 యూనిట్లు కాల్చును. రోజుకు 7 గంటల చొప్పున ఒక్క రోజును మానక త్రిప్పినచో ఆరు లక్షల యూనిట్లు కాలుటకు 58 సంవత్సరములకు పైగా పట్టును. ఒక ఎకరము శుద్ధికి ఒక బావి మోటారు రెండు తరములు వాడు కరెంటు కావలెనన్న మాట. ఇది కరెంటు లెక్క మాత్రమే. కడ్డీలు, గొట్టములు, ద్రావకములు, పనివారి కూలి, మడ్డి నీటి శుద్ధి వేరు.

కాబట్టి ఈ పద్ధతి విషము దట్టముగా పేరుకొన్న చిన్న జాగాలకు, త్రవ్వి తీయ వీలులేని చోట్లకు, నీరు దిగని బంకనేలలకు తగినది. ఆ ఖర్చు విషమును వదలిన వారు పెట్టవలసినది. రైతు తన పొలములో తన డబ్బుతో చేయదగినది కాదు.

ఒక హెచ్చరిక. మోటారు లైను నుండి తీగ లాగి, ఇనుప కడ్డీలు పాతి ఈ ప్రయోగము చేయ ఎవరును సాహసింపరాదు. మన లైనులలోని కరెంటు సెకనుకు 50 మారులు అటునిటు ఊగునది కావున లోహమును ఒక దిక్కునకు లాగలేదు. తడి నేలలోని కరెంటు మనిషిని, పశువును క్షణములో చంపును.

మీరు చేయవలసినవి

మీ పొలమునకు ఫ్యాక్టరీ నీరు గాని, నగరపు మురుగు గాని వచ్చుచున్నచో ఈ క్రింది పనులు వరుసగా చేయుడు.

1. మట్టి పరీక్ష చేయించుడు. మామూలు భూసార పరీక్షలో ఉదజని సూచిక, ఉప్పు, పోషకముల సంగతియే తెలియును. సీసము, కాడ్మియము వంటివి చూడవలెనని వేరుగా వ్రాసి ఇయ్యవలెను. మదుము దగ్గర, మడి నడుమ, చివర వేరు వేరు నమూనాలు తీయుడు. మురికి నీటితో వచ్చిన లోహము సాధారణముగా మదుము దగ్గరనే ఎక్కువగా నిలుచును. ఒక్కొక్క భాగములో ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారపు గుంట 15 సెంటీమీటర్ల లోతు తీసి, ప్రక్క మట్టిని పై నుండి క్రింది వరకు చెక్కి, అంతయు కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములు తీసివేయుచు అర కిలో మిగుల్చుడు. తుప్పు పట్టిన పారను, జింకు పూత గల బకెట్టును వాడరాదు. కొయ్య పనిముట్టు, ప్లాస్టిక్కు బకెట్టు మంచివి.

2. చెడ్డ నీటిని ఆపుడు. నీరు వచ్చుచుండగా మట్టిని బాగుచేయుట ఓటికుండలో నీరు పోయుట వంటిది. గట్టు వేసి, కాలువ మళ్లించి, వీలైనచో బావి నీరు పరీక్షించి వాడుడు.

3. నేల పుల్లగా ఉన్నచో పరీక్ష ఫలితమును బట్టి సున్నము వేసి ఉదజని సూచికను 6.5కు పైగా ఉంచుడు. అప్పుడు కాడ్మియము, సీసము మట్టిని అంటుకొని, పైరుకు తక్కువగా అందును. లోహము పోదు, కట్టుబడి ఉండునంతే. బాగుగా మాగిన పశువుల ఎరువు కూడ తోడ్పడును. ఆర్సెనిక్కు ఉన్న నేలలో మాత్రము అధికారుల సలహా లేక సున్నము వేయరాదు.

4. వరి మడిలో కాడ్మియము ఉన్నచో, వెన్ను వెడలుటకు మూడు వారములు ముందు నుండి మూడు వారములు తరువాత వరకు నీరు నిలువ ఉంచుడు. నీటి అడుగున కాడ్మియము గంధకముతో కలిసి గట్టిపడి, గింజకు తక్కువగా చేరును. జపాను రైతులు పాటించు పద్ధతి ఇది. ఆర్సెనిక్కునకు ఇది విరుద్ధము. నీరు నిలిచిన కొలది ఆర్సెనిక్కు గింజలో హెచ్చును. కాబట్టి ఏ లోహము ఉన్నదో తెలియక నీటి పద్ధతి మార్చవద్దు.

5. పైరు మార్చుడు. తోటకూర, పాలకూర వంటి ఆకుకూరలు, ముల్లంగి, క్యారట్ వంటి దుంపలు చెడిన నేలలో వేయరాదు. పశువుల గడ్డి కూడ తగదు, పాల వరకు పోవును. పత్తి, పూలు, కలప చెట్లు వంటి తినని పంటలు వేయుట మేలు. ఆకుకూరలను బాగుగా కడిగి వాడుడు. పైన పట్టిన దుమ్ములోని సీసము పోవును, లోపల చేరినది పోదు.

గ్రామాధికారులకు

పొలములోనికి మురికి నీరు వచ్చుట ఒక్క రైతు కష్టము కాదు, ఊరి కష్టము. ఏ సర్వే నంబర్లలో నీరు పారుచున్నదో, ఏ తేదీన నీటి రంగు మారినదో, ఏ పైరు దెబ్బతిన్నదో వ్రాతలో ఉంచుడు. నీటి నమూనాను, మట్టి నమూనాను అధికారుల సమక్షములో తీయించుడు. వ్రాతలో లేని ఫిర్యాదు ఎంత నిజమైనను విచారణలో నిలువదు.

చట్టము రైతు ప్రక్కనే ఉన్నది. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము క్రింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడినది. కాలుష్యము చేసినవారే దానిని బాగుచేయు ఖర్చు భరింపవలెనని సుప్రీంకోర్టు 1996లో రాజస్థానులోని బిచ్‌డీ గ్రామముల కేసులోను, తమిళనాడు తోళ్ల పరిశ్రమల మీద వెల్లూరు పౌరులు వేసిన కేసులోను స్పష్టము చేసినది. 2025లో కేంద్ర ప్రభుత్వము కలుషిత స్థలముల నిర్వహణకు ప్రత్యేక నియమములు వెలువరించినది. విషమున్నదని అనుమానము గల స్థలములను గుర్తించి మండలికి తెలుపు బాధ్యత స్థానిక సంస్థల మీద, జిల్లా యంత్రాంగము మీద ఉన్నది. కరెంటుతో కడుగవలెనో, మట్టి త్రవ్వి తీయవలెనో, కప్పి ఉంచవలెనో నిపుణులు తేల్చవలసిన విషయము. ఆ స్థలము పేరు జాబితాకు ఎక్కించుట గ్రామము చేయవలసిన పని.

ఈ ఎండాకాలములో మడులు ఖాళీగా ఉన్నపుడే మట్టి నమూనాలు తీసి, మండల వ్యవసాయాధికారికి అందజేయుడు. ఫలితము చేతికి వచ్చిన తరువాతనే తొలకరికి ఏ పైరు వేయవలెనో నిర్ణయించుకొనుడు.